నీడకు కొలిచిన ఎత్తు

పొద్దున్నే బడి గంట కొట్టకముందే దొన్యా జెనోబియా పొయ్యి వెలిగించి, ఊదారంగు మొక్కజొన్న పిండితో జావ కాచేది. కాచేముందు గరిటెతో కుండ మీద శిలువ గీసి, "తల్లీ మరియమ్మా, పిల్లలందరికీ సరిపెట్టు" అనేది. సరిపోయేది. ఆ తల్లి ఎప్పుడూ సరిపెడుతుంది. గిన్నె ఎక్కడ పెట్టాలో తెలియక తప్పు చోట పెట్టేది మనమే. నేను చెప్పబోయేది అలాంటి తప్పు గురించే, కాస్త దగ్గరికి జరిగి కూర్చోండి.

మా వైపు ఆడవాళ్ళని దొన్యా అనీ, మగవాళ్ళని డాన్ అనీ మర్యాదగా పిలుస్తాం. జెనోబియా అసలు వంటమనిషి కాదు. మా గని ఊరి బడిలో ఆమెకో గది ఇచ్చారు. చదువులో వెనకబడ్డ పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని అక్షరాలు దిద్దించడం, ఏడుస్తూ వచ్చిన పిల్ల ఏడుపు తీరేదాకా వినడం, జ్వరం వస్తే మందు పోయడం, అన్నీ ఆ ఒక్క గదిలోనే, అన్నీ ఆవిడే. జావ కాచడం మాత్రం ఎవరూ చెప్పకుండానే మీదేసుకుంది.

బడికి రాలేని పిల్లలు నీడల్ని పంపేవాళ్ళు. తమ్ముణ్ణి ఎత్తుకోవాల్సిన పిల్ల, లామాల మందని మేపుకు రావాల్సిన పిల్లవాడు, పొద్దున ఎండలో నిలబడి ఒక ప్రార్థన చెప్పుకుని, కాళ్ళకింద నుంచి నీడని ఊడదీసి కొండ దిగువకి పంపేసేవాళ్ళు. నీడ వచ్చి బెంచీ మీద కూర్చునేది. హాజరు పిలిస్తే చెయ్యెత్తేది. సాయంత్రం వెళ్ళి పిల్ల పాదాలకి అతుక్కునేది, ఆరోజు నేర్చుకున్న పాఠం అరికాళ్ళలోంచి పైకెక్కేది. మా తాతల కాలం నుంచీ అంతే.

ఆ నీడలన్నిట్లోకీ బుద్ధిమంతురాలు దెల్మిరా నీడ. దెల్మిరా తల్లి ఫెలిపా కొండమీద గని ముఖద్వారం దగ్గర కాపలామనిషి. పగలు వాలు కింద రాళ్ళు కొట్టి మిగిలిన ఖనిజం ఏరుకునేది, రాత్రి కాపలా కాసేది. పగటి కాపలా పిల్లది. వాళ్ళుండే గుడిసెలోనే గని సంఘం వాళ్ళ డ్రిల్లులూ మందుగుండూ ఉండేవి. ఒక్కటి పోయినా గుడిసె ఖాళీ చెయ్యాల్సిందే. అందుకని దెల్మిరా కొండ దిగేది కాదు, నీడే దిగేది.

జెనోబియా నీడకీ పిల్లలకీ తేడా చూపించేది కాదు. అందరితోపాటు దాని ముందూ జావ గిన్నె, రొట్టె పెట్టేది. నీడ జావ నీడని తాగి, రొట్టె నీడని తినేసేది. బలం మందు పోస్తే చెంచా నీడని నోట్లో పెట్టుకుని మూతి ముడిచేది.

"చూశావా, చేదని ఎలా మొహం పెట్టిందో!" అని జెనోబియా నవ్వేది. "చదువు ఎక్కినట్టే తిండీ ఎక్కుతుంది లే. దేవుడి పిల్లలకి దారులు ఒకటేనా?"

మేమూ అలాగే అనుకున్నాం. ఒక్కరం కూడా వేరేలా అనుకోలేదు.

సోమవారం పొద్దున్నే ఎత్తు కొలిచేది. పెరటి గోడకి వీపు ఆనించి నిలబెట్టి, తలమీద బొగ్గుతో గీత గీసేది. తక్కిన పిల్లలు వారాలు గడిచినా ఉన్నచోటే ఉంటే, దెల్మిరా నీడ గోడ పైదాకా పోయేది. హెడ్మాస్టరు డాన్ రుఫినో కళ్ళజోడు సర్దుకుని మరీ చూసేవాడు.

"ఏం పెడుతున్నావు తల్లీ దానికి? మా ఆవిడ చేత కూడా కాయించు, నేనూ కాస్త పొడుగవుతాను."

"మీరు పొడుగైతే తలుపులు మార్చాలి, డాన్ రుఫినో. బడికి అంత స్తోమత లేదు."

ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు. పొద్దుటి ఎండకి ఎవరి నీడైనా పొడుగ్గానే ఉంటుందన్న మాట ఆ ఇద్దరికీ తట్టలేదు. ప్రేమ ఉన్నచోట లెక్క సరిచూడాలని ఎవరికి తోస్తుంది చెప్పండి?

చలికాలం మొదట్లో ఒక సాయంత్రం బడి వదిలారు. పిల్లలు వెళ్ళారు, నీడలూ వెళ్ళాయి. దెల్మిరా నీడ మాత్రం బెంచీ మీద తల వాల్చి అలాగే కూర్చుంది.

"ఏమే, ఇల్లు లేదా నీకు?" అంది జెనోబియా తుడుపుగుడ్డ పక్కన పెట్టి.

నీడ కదల్లేదు. జెనోబియా పక్కన కూర్చుని, ఏడ్చే పిల్లల దగ్గర ఎలా ఆగుతుందో అలా ఆగింది. కాసేపటికి వీపు మీద చెయ్యి వేసింది. నీడ మామూలుగా నేల చల్లగా ఉంటే చల్లగా, వెచ్చగా ఉంటే వెచ్చగా ఉంటుంది. ఇది ఆ చల్లని గదిలో పెనంలా కాలుతోంది.

"పైన పిల్లకి ఏమైందే?"

నీడ చెయ్యెత్తి కిటికీలోంచి కొండని చూపించింది.

"పద అయితే, ఇద్దరం పోదాం."

నీడ తల అడ్డంగా ఊపింది. జెనోబియా దాన్ని చారల దుప్పట్లో చుట్టి, చంటిపిల్లని కట్టుకున్నట్టు వీపున కట్టుకుంది. గేటు దాటుతుండగా అది జారిపోయి మళ్ళీ బెంచీ ఎక్కింది. వెచ్చటి చోటు, పిలిస్తే పలికే మనుషులు, ముందు రొట్టె. పైకి వెళ్ళి ఏం చెయ్యాలి అది? దాన్ని తిట్టడానికి జెనోబియాకి నోరు రాలేదు. ఒక్కతే కొండెక్కింది.

ఇంకా ఎండ ఉంది. గుడిసె ముందు రాయి మీద, తల్లి శాలువాలో ముడుచుకుని ఒక చిన్నపిల్ల. ఏ చెల్లెలో అనుకుని జెనోబియా దాటిపోబోయింది.

"దొన్యా, నా నీడ రాలేదేం? పాఠం సరిగ్గా చదవలేదా?"

జెనోబియా ఆగిపోయింది. "నువ్వు దెల్మిరావా?"

"అవును."

"నా భుజం దాకా రావాలే నువ్వు! గోడ మీద గీశాను."

"అది నేను కాదు దొన్యా, పొద్దుటి ఎండ," అంది పిల్ల, తప్పు తనదైనట్టు. మణికట్టు గరిటె కాడంత ఉంది. పెదాలు పగిలాయి. లేవబోయి మళ్ళీ రాయి మీద కూలబడింది.

"పొద్దున ఏం తిన్నావు?"

"మీరు పెట్టారుగా. అమ్మ అంది, బడిలో రెండు పూటలకి సరిపడా పెడతారు, ఇంట్లోది దాచుకుందాం అని. నాకు రుచి తెలిసేది కాదు అంతే."

దేవుడా! మేం కింద పెడుతున్నామని తల్లి పైన పెట్టడం మానేసింది.

జెనోబియా పిల్లని ఎత్తుకుంది. అప్పుడే ఫెలిపా వాలెక్కి వచ్చింది, చేతిలో సుత్తి, మొహం నిండా రాతిపొడి.

"దించు. ఎక్కడికి తీసుకుపోతున్నావు?"

"కిందకి. ఒళ్ళు కాలిపోతోంది, కనపడట్లా?"

"కనపడక? తల్లిని నేనా నువ్వా? ఆకు కషాయం పోస్తున్నా. రేప్పొద్దున కాపలా ఎవరు? నువ్వు కూర్చుంటావా, కుచ్చుల పావడా వేసుకుని?"

"ఫెలిపా, పిల్ల చచ్చిపోతుందే."

"అవతలి గని కాపలావిడ కాన్పుకని కొండ దిగింది, దొంగలు డ్రిల్లు ఎత్తుకుపోయారు. సంఘం వాళ్ళు పచ్చి బాలింతని మంచులోకి నెట్టారు. ఆ బిడ్డ బతికిందా ఏం?" ఫెలిపా సుత్తి కింద పడేసి నేల మీద కూర్చుంది.

"నీ నీడని కూర్చోబెట్టు పగటిపూట."

"నాకెక్కడిది? మా ఆయన గనిలో పడి చచ్చిపోయిన రోజున వెంట లోపలికి వెళ్ళింది. పిలిచినా రాలేదు."

జెనోబియా పిల్లని తల్లి ఒళ్ళో పెట్టి, ఎండకి వీపు తిప్పి నిలబడింది. మరియమ్మ తల్లికి దణ్ణం పెట్టుకుని, వంగి, తడిసిన మేజోడు లాగినట్టు తన నీడని మడమల దగ్గర నుంచి లాగింది. పెద్దవాళ్ళ నీడ తేలిగ్గా ఊడదు, రోజూ ఊడదీసి అతికించుకోవడం కుదరదు. రెండుసార్లు కేక పెట్టింది. చివరికి ఆ నీడ, టోపీతో, వెడల్పాటి పావడాతో వెళ్ళి గని ముఖద్వారంలో కూర్చుంది, చేతులు ఒళ్ళో పెట్టుకుని.

ఫెలిపా కళ్ళు తుడుచుకుంటూ చూసింది. "ఇంత లావు నీడని దాటి రావాలంటే దొంగలు ఇద్దరు కావాలి."

"ఒకడు దాన్ని మాటల్లో పెట్టాలి, అది ఊరికే ఊరుకోదు," అంది జెనోబియా పిల్లని వీపున కట్టుకుంటూ.

బడి గదిలో అడుగు పెట్టగానే బెంచీ మీది నీడ లేచి వచ్చి, మారాం లేకుండా దెల్మిరా పాదాల్లోకి దూరింది. ఆ చలికాలమంతా పిల్ల ఆ గదిలోనే పడుకుంది. జెనోబియా చెంచాతో జావ పోసేది, నీడకి కాదు, నోటికి. ఫెలిపా సాయంత్రాలు దిగివచ్చి పిల్ల కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని, చీకటి పడకముందే ఎక్కిపోయేది. జ్వరం తగ్గింది. పోయిన ఎత్తు మాత్రం తిరిగి రాలేదు. ఈ పిల్ల ఇక పెద్దగా పెరగదని ఆరోగ్య కేంద్రం డాక్టరు చెప్పాడు. జెనోబియా తడిగుడ్డతో గోడమీది బొగ్గు గీతలన్నీ తుడిచేసింది. తర్వాతి సోమవారం నుంచి నీడల్ని గోడకి నిలబెట్టడం మానేసి, మధ్యాహ్నాలు తనే ఒక్కో ఇల్లూ ఎక్కి దిగింది, కుండ నెత్తిన పెట్టుకుని.

నీడలేని మనిషికి ఎండ అంటదు. మూడు శాలువాలు కప్పుకున్నా జెనోబియా వణికేది. రెండో ఏడు దగ్గు మొదలైంది. ఆ దగ్గు మా ఊళ్ళో ఎవరికైనా తెలుసు, అది గనిలో దిగినవాళ్ళ దగ్గు. జెనోబియా జన్మలో గనిలో కాలు పెట్టలేదు. ఆమె నీడ పెట్టింది, రోజంతా ఆ గని నోటి దగ్గర కూర్చుని లోపలినుంచి వచ్చే దుమ్ము పీలుస్తోంది.

ఒకరోజు పాఠం జరుగుతుండగా వసారాలో ఆమెకి దగ్గు తెర వచ్చింది. చేతి రుమాలు బూడిదరంగుకి తిరిగింది. డాన్ రుఫినో పక్కన నిలబడి చూశాడు.

"పిలిచెయ్యి తల్లీ దాన్ని. ఇంక చాలు."

"పిలిస్తే వస్తుంది. పెంచిన కుక్కలాంటిది, పరిగెత్తుకొస్తుంది." ఆమె ఊపిరి కూడదీసుకుంది. "వచ్చేశాక అక్కడ ఎవరు కూర్చుంటారు, చెప్పండి?"

డాన్ రుఫినో తరగతిలోకి చూశాడు. ముందు బెంచీలో, అందరికంటే పొట్టిగా, దెల్మిరా అక్షరాల కింద వేలు పెట్టుకుని పైకి చదువుతోంది. ఆగి, ఆగి, మళ్ళీ చదువుతోంది.

జెనోబియాకి మళ్ళీ దగ్గు వచ్చింది. ఆయన, చప్పుడు లోపలికి వినపడకుండా తరగతి తలుపు మెల్లగా దగ్గరికి వేశాడు.