రెండో గూఢచారి మీద తువ్వాలు

ఆదివారం పొద్దున సెలూన్‌కి గడ్డం గీయించుకోవడానికి వెళ్ళేవాళ్ళు కొందరు, అక్కడి వాదన వినడానికి వెళ్ళేవాళ్ళు కొందరు. డ్రైవింగ్ మాస్టారు ఈ రెండు రకాల్లోనూ చేరరు. తన ఊసు ఎవరైనా ఎత్తుతారేమోనని వెళ్ళేవారు. ఏళ్ళ తరబడి వెళ్తున్నారు. పాపం, ఒక్కరూ ఎత్తలేదు.

వాదన ఎప్పుడూ ఒక్కటే. ఆ గూఢచారి సినిమాల్లో అసలైన గూఢచారి ఎవరు? ఆ సినిమాలు మొదలై రెండు తరాలు గడిచాయి. గూఢచారికి మాత్రం వయసు రాదు. హీరోకి వయసు వచ్చినప్పుడల్లా ఇంకొకర్ని పట్టుకొచ్చి అదే కోటు తొడుగుతారు. సెలూనాయన మొదటి హీరోకి భక్తుడు. పక్కనే మందుల షాపు నడిపే ఆయన మూడో హీరో తరఫున వకాల్తా పుచ్చుకున్నాడు.

“మొదటాయన తలుపు తోసుకుని లోపలికొస్తే చాలండీ, గదిలో ఉన్నవాళ్ళు కుర్చీల్లో సర్దుకు కూర్చునేవాళ్ళు. పెద్దగా మాట్లాడడు. కొడితే ఒకటే దెబ్బ. కోటు నలిగేది కాదు,” అనేవాడు సెలూనాయన.

“కోటు నలగకపోతే అది ఇస్త్రీ చేసినవాడి గొప్ప, ఆయనదేముంది? మా మూడో ఆయన్ని సముద్రంలో పడేస్తే జోకేసుకుంటూ పైకొచ్చేవాడు. టిక్కెట్టు కొన్నందుకు కాస్త నవ్వొద్దూ?” అనేవాడు మందుల షాపాయన.

నాలుగో ఆయన విషయంలో మాత్రం ఇద్దరిదీ ఒకటే మాట. కండలు పెంచాడు, గోడలు పగలగొట్టాడు, ఆఖర్న కూర్చుని ఏడ్చాడు. గూఢచారికి ఏడుపేమిటండీ, ఇంట్లో చూస్తున్నది చాలదూ!

మొదటాయన, మూడో ఆయన, నాలుగో ఆయన. ఒకటి తర్వాత మూడు ఎలా వచ్చిందని ఆ సెలూన్లో ఎవరికీ అనుమానం రాలేదు.

ఆ మధ్యలో జారిపోయిన రెండో ఆయనే మన మాస్టారు. మొదటాయన నిర్మాతతో తగాదా పడి వెళ్ళిపోయినప్పుడు, చొక్కాల ప్రకటనల్లో నిలబడే ఈయన్ని తీసుకొచ్చి ఆ కోటు తొడిగి చూశారు. కోటు సరిపోయిందని తీసుకున్నారు, నటన సరిపోలేదని పంపేశారు. ఒక్కటే సినిమా. అప్పట్లో ఈయనకి కారు నడపడం కూడా రాదు. కారులో తరిమే సీను కోసం కారుకి తాడు కట్టి లాగాల్సొచ్చింది. అన్నిటికన్నా అన్యాయం, ఆఖరి సీన్లో పిస్తోలు పట్టుకున్న చెయ్యి వణికింది. తెర మీద అంతెత్తున వణికింది. పత్రికలవాళ్ళు ‘వణుకుడు గూఢచారి’ అని రాశారు. ఎక్కడ పోగొట్టుకున్నామో అక్కడే వెతుక్కోవాలని ఈయన పంతం పట్టి కారు నేర్చుకున్నారు. ఇప్పుడు ఆ కారే అన్నం పెడుతోంది. జుట్టు పోయింది, పొట్ట వచ్చింది, కళ్ళద్దాలు వచ్చాయి. ఇప్పుడు ఆ కోటు తొడిగితే ఒక్క బొత్తం పడదు. కన్నతల్లి లేచొచ్చినా గుర్తుపట్టడం కష్టం.

సెలూన్ గోడ మీద ఓ పెద్ద పోస్టరు ఉండేది. హీరోలందరూ వరసగా నిలబడ్డ పోస్టరు. అందులో రెండో ఆయన మొహం దగ్గర ఓ మేకు, మేకు మీద తువ్వాలు. మాస్టారు కుర్చీలో కూర్చుని తన ఇప్పటి మొహాన్ని సెలూనాయనకి అప్పగించి, తన అప్పటి మొహం మీద వేలాడే తడి తువ్వాలుని అద్దంలో చూస్తూ కూర్చునేవారు. మాట్లాడదామంటే ఆ సెలూన్లో ఓ కట్టుబాటు. కత్తి మొహం మీద ఉన్నవాడు నోరు విప్పకూడదు. వాదన ముదిరే వేళకి మాస్టారు ఎప్పుడూ కత్తి కిందే ఉండేవారు.

“వారానికోసారి వెళ్ళి మీ మొహం మీద తడి తువ్వాలు చూసొస్తారు. ఆ ముచ్చట ఇంట్లోనే తీరుస్తాను, ఉండిపోండి,” అనేది వాళ్ళావిడ. “లేదంటే నోరు తెరిచి చెప్పేయండి, అది నేనేనని.”

“చెబితే మొహమాటానికి పొగుడుతారే. నేనని తెలియకుండా ఒక్కడు, ఒక్క మంచి మాట అంటే చాలు నాకు.”

“అయితే వెళ్ళండి. రాతి నుంచి నార తీసుకురండి.”

ఆ ఆదివారం సెలూన్ మరీ వేడిగా ఉంది. కొత్త హీరోని ఎంచుకున్నారని ఆ పొద్దునే తెలిసింది. మాస్టారి గడ్డం ఒక చెంప పూర్తయింది, రెండో చెంప మీద నురగ ఉంది. సెలూనాయన కత్తి తుడుచుకుంటున్నాడు.

“ఇప్పటికి ముగ్గురు చేశారు. ఈ కొత్తవాడితో నలుగురు,” అన్నాడు మందుల షాపాయన, బెంచీ మీద కాలు మీద కాలేసుకుని.

మాస్టారికి ఓపిక చచ్చిపోయింది. “నలుగురు కాదు, అయిదుగురు.”

“అయిదో వాడెవడు? ఓహో, ఆ వణుకుడుగాడా! వాణ్ణి కూడా లెక్కేస్తే, ఇంజెక్షన్ సూది చూసినవాణ్ణల్లా డాక్టరనాలండీ!”

మాస్టారు అద్దంలో సెలూనాయన వైపు చూశారు. అతను తల వంచుకుని కత్తే తుడుస్తున్నాడు. ఒక్క మాట అడ్డం వేస్తాడనుకుంటే అదీ లేదు. ఇన్నేళ్ళ కోపం ఎవరి మీద తీర్చుకోవాలో తెలియక మాస్టారు తన మీదే తీర్చుకున్నారు. పదిమందీ నవ్వేటప్పుడు తానే ముందు నవ్వేస్తే నొప్పి తక్కువని కూడా అనుకున్నారేమో.

“నిజమేనండీ, వాణ్ణి లెక్కలో వెయ్యడం నాదే తప్పు,” అన్నారు. “వాడూ ఓ గూఢచారేనా! కారెక్కి కూర్చుంటే తాడు కట్టి లాగారు వాణ్ణి. ముద్దు సీన్లో మాట మర్చిపోయి దగ్గాడు. నడుస్తుంటే కోటు ముందు నడిచేది, వెనకాల వాడు నడిచేవాడు.”

మందుల షాపాయన పడీ పడీ నవ్వాడు. మాస్టారికి ఊపొచ్చింది. ఆ సెలూన్లో తన సినిమా గురించి మాట్లాడటం అదే మొదటిసారి. మాట్లాడేది తనే అయినా, తిడుతున్నది తననే అయినా, అందులో ఏదో రుచి తగిలింది.

“ఇక ఆ చెయ్యి! పిస్తోలు పట్టుకుంటే చలిజ్వరం వచ్చినట్టు! అటు దొంగ నిలబడి వీడెప్పుడు కాలుస్తాడా అని ఆవలిస్తున్నాడు. వాడు...”

“మాస్టారూ, ఇక ఆపండి,” అన్నాడు సెలూనాయన.

“ఆపేదేముందయ్యా, వాడు...”

“వాడూ గీడూ అనకండి. ఆయన.”

సెలూనాయన కత్తి పక్కన పెట్టి, గోడ దగ్గరికి వెళ్ళి, మేకు మీది తువ్వాలు లాగేశాడు. మేకు రెండో ఆయన మొహంలో లేదు. మొహానికి పైన, ఖాళీ జాగాలో ఉంది. మొహం చెక్కు చెదరలేదు.

“ఇదెందుకు కప్పానో తెలుసా? ఒకప్పుడు వచ్చినవాడల్లా ఈయన్ని చూసి ఇకిలించేవాడని. నా షాపులో ఈయన మీద నవ్వితే నాకు ఒళ్ళు మండుతుంది. అందుకని కనపడకుండా చేశాను.”

“మరి ఎప్పుడూ మొదటాయన, మొదటాయన అంటావుగా?” అన్నాడు మందుల షాపాయన, నవ్వు సగంలో మింగి.

“అది మీతో కాలక్షేపానికి. మా నాన్న నా చేతికి కత్తిచ్చి మొట్టమొదటి మనిషిని కుర్చీలో కూర్చోబెట్టిన రోజున నా చెయ్యి వణికిపోయింది. ఈ పని నా వల్ల కాదని పారిపోయి సినిమా హాల్లో దూరాను. అక్కడ ఈయన. చెయ్యి గడగడ వణుకుతోంది, అయినా పిస్తోలు దించలేదు. పని పూర్తి చేశాడు. మొదటాయనకి భయమే వెయ్యదు, ఆయన చూపించేది ధైర్యమెలా అవుతుందండీ? మర్నాడు వచ్చి కత్తి పట్టుకున్నాను. అలా నటించినవాళ్ళు మళ్ళీ ఎవరున్నారు?”

మాస్టారు అద్దంలో ఆ పోస్టరు చూస్తూ, “అది నటన కాదయ్యా. నిజంగానే భయమేసింది,” అన్నారు.

“మీరు చూశారా? పక్కన నిలబడి చెయ్యి పట్టుకుని చూశారా?” సెలూనాయనకి ఎక్కడలేని కోపం వచ్చింది. “మీకు క్లచ్చు సంగతి తెలుసు, బ్రేకు సంగతి తెలుసు. నటన సంగతి మీకేం తెలుసండీ? లేవండి కుర్చీలోంచి.”

“ఇంకా సగం గడ్డం...”

“ఆ సగం, ఆయన గురించి మర్యాదగా మాట్లాడటం వచ్చాక గీస్తాను. వెళ్ళిరండి.”

మాస్టారు లేచారు. పోస్టరు ముందు ఒక్క క్షణం ఆగారు. కోటులో నిటారుగా నిలబడ్డ ఆ కుర్రవాణ్ణి చూస్తే ఎంత జాలి వేసిందో, అంత గర్వంగానూ అనిపించింది. తర్వాత ఓ చెంప నున్నగా, ఓ చెంప నురగతో, నడివీధిలో నడుచుకుంటూ వెళ్ళారు. ఎదురొచ్చినవాళ్ళు తప్పుకున్నారు. మొదటాయన తలుపు తోసుకుని వస్తే కూడా ఇంత సర్దుకుని ఉండరు.

తలుపు తీసిన ఆవిడ నోరు వెళ్ళబెట్టింది. “ఇదేం వేషమండీ?”

“సెలూన్లోంచి గెంటేశాడు.”

“అయ్యో! ఎవర్నేమన్నారు?”

“నన్నే అన్నాను. నన్ను తిట్టానని గెంటేశాడే!” మాస్టారి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నవ్వుతూనే ఉన్నారు.

జరిగిందంతా విని ఆవిడ కొంగుతో ఆయన చెంప మీద ఎండిపోయిన నురగ తుడిచింది. “సరే, మిగతా సగం మీరే గీసుకోండి. రేపు కారు నేర్చుకునేవాళ్ళు చూస్తే నవ్వుతారు.”

“నవ్వనీ. ఆ సగం అతని చేతి మీదుగానే జరగాలి. ముందు క్షమాపణ చెప్పుకోవాలిగా.”

“అతనికా?”

“కాదు, రెండో ఆయనకి,” అన్నారు మాస్టారు.

ఆ వారమంతా ఆయన సగం గడ్డంతోనే కారు నేర్పారు.