వీపు మీది చారలు

...చారలు మానిపోయాయి కదా, ఇక ఎవరు చూస్తారు, అనుకున్నాడు వర్సొనో. కానీ రక్తం? దానికి గుర్తుండదా?

జావా దీవిలోని పెకలోంగన్ ఊరి ఆసుపత్రి వరండాలో, రక్తం తీసే గది ముందు బెంచీ మీద కూర్చున్నాడు. పక్కన భార్య లస్త్రి, ఒళ్లో అరటాకులో చుట్టిన అన్నం. ఆయనకు గుండెపోటు వచ్చి నెల దాటింది. దెబ్బతిన్నచోట కండ పలచబడి గుండె సాగిపోవచ్చునట. స్కానింగులో కనబడకముందే రక్తంలోని ఒకటి రెండు పదార్థాలు ఆ సంగతి కొంతవరకు చెబుతాయని, అవి ఎక్కువగా ఉంటే మందులు మారుస్తామని డాక్టరమ్మ అంది. రెండుసార్లు పిలిచారు. రెండుసార్లూ ఏదో వంక పెట్టి రాలేదు.

వర్సొనో పని రాగితో. బాతిక్ గుడ్డల మీద అద్దే అచ్చులకు రేకు వంచుతాడు. సాగిన రేకు మళ్లీ మునుపటిలా బిగియదని తెలుసు. ఆ భయం ఉంది. అయినా ఆయన్ని ఇంట్లో ఆపింది అది కాదు.

ఆ పొద్దున ఛాతీ పట్టేసినప్పుడు "ఒంట్లో గాలి చేరింది, గీకవే" అన్నది తనే. లస్త్రి నూనె రాసి, తాతలనాటి రాగి నాణెంతో వీపంతా గీకింది. చారలు ఎర్రగా తేలేకొద్దీ గాలి పోతోందని ఇద్దరికీ ధైర్యం. ఆసుపత్రికి వచ్చేసరికి బాగా పొద్దెక్కింది. చొక్కా విప్పించిన ఆనాటి డ్యూటీ డాక్టరు చారల వంక చూసి "ముందే రావలసింది" అన్నాడు, అంతే. ఆనాటి నుంచి లస్త్రి ఆయన వీపు ముట్టుకోలేదు. నొప్పులకు బామ్ రాయమంటే సీసా చేతికిస్తుంది.

ఇవాళ రక్తపరీక్ష కాగితం మీద చెడ్డ అంకె వస్తే, ఆమెకు అందులో కనబడేది గుండె కాదు, గీకిన తన చెయ్యి.

"మళ్లీ పారిపోదామనేనా? చెప్పులు గేటు వైపు తిప్పి పెట్టుకున్నావు," అంది లస్త్రి.

"కాలు తిమ్మిరెక్కితే తిప్పాను."

"ఆహా! పొద్దస్తమానం సుత్తి పట్టే మనిషికి సూదంటే భయం. వీధిలో చెప్పానంటే నవ్వి చస్తారు."

నర్సు పేరు పిలిచింది. వర్సొనో గుమ్మం దాకా వెళ్లి గొంతు తగ్గించాడు. "అమ్మాయ్, ఆలస్యం ఎవరివల్ల అయిందో కూడా రక్తంలో తెలుస్తుందా?"

"రక్తం పంచాయితీలు చెయ్యదు బాపక్. ఇకముందు గుండె ఎలా ఉండొచ్చో చెబుతుంది, అదీ సుమారుగా," అని, నాన్నగారూ అన్నట్టే పిలిచి నవ్వింది నర్సు. "గీకించుకుని వచ్చారా ఏమిటి? మా నాన్నా అంతే. ఇంట్లో నర్సుని నేనుండగానే!"

లస్త్రి వింది. తల వంచుకుని అరటాకు మడతలు సర్దుతోంది, సర్దినవే మళ్లీ సర్దుతోంది.

నెల రోజులుగా తను ఆమెను కాపాడుతున్నాననుకున్నాడు. డాక్టరు అన్న ఆ ఒక్క మాటకు తను జవాబు చెప్పనే లేదు. తన మౌనం ఆమెకు ఎలా వినిపించి ఉంటుంది?

నర్సు కుర్చీ చూపించింది. వర్సొనో కూర్చోలేదు. బెంచీ దగ్గరికి తిరిగి వచ్చాడు.

"గీకమన్నది నేనే కదే," అన్నాడు. "ఈ చొక్కా చెయ్యి కూడా నువ్వే మడిచిపెట్టు."

మణికట్టు దగ్గర చొక్కా బొత్తాం పెట్టి ఉన్న ఎడమచేతిని ఆమె ముందుకు చాపాడు.