కంది చేనులో పిట్టల కొమ్మలు

కొమురమ్మను చంపింది యాకయ్య. చలిజ్వరంతో పోయిందని ఊళ్ళో ఎవరేమన్నా, ఆమె మొగుడు పోశాలు లెక్కలో మాత్రం చంపింది తన సొంత అన్నే.

గార్ల ఊరికి ఆమడ దూరంలో, అడవి అంచున పోశాలు కంది చేను. నిజాముతో సంఘపోళ్ళు కొట్లాడుతున్న ఆ రోజుల్లో ఇంట్లో జొన్నలు నిలిచేవి కావు. ఒక పూట సంఘం దళం వచ్చి బువ్వ అడిగేది, ఇంకో పూట సిపాయిలు వచ్చి గుమ్మిలో గింజలు ఊడ్చేవాళ్ళు. ఇక ఏడాది తిండికి కందే దిక్కు. పూత రాగానే కొమురమ్మ పంగల కొమ్మలు కొట్టి తెచ్చి సాళ్ళ నడుమ నాటేది. తోక చీలిన నల్ల పిట్టలు అడవిలోంచి వచ్చి వాటి మీద వాలి, కాయను తొలిచే పచ్చ పురుగును ఏరుకుని తినేవి. ఎండ ముదిరితే చెట్లలోకి పోయేవి, చల్లబడ్డాక మళ్ళీ వచ్చేవి.

పక్క చేను యాకయ్యది, జొన్న. అడవిలోంచి చిలకలొచ్చి కంకులు కొట్టేస్తున్నాయని ఏటా అతనికి మంట.

"ఏందే కొమురమ్మా, పిట్టలకు పీటలేస్తున్నవా? కాళ్ళు గూడ కడుగు."

"గివి పురుగు తినేటివి బావా. నీ కంకి ముట్టయ్."

"ముట్టెటివి గూడ గా అడివిలకెళ్ళే వస్తున్నయ్ గద!"

పోలీసు చర్య తర్వాతి ఏడు ఊరవతల మిలిటరీ క్యాంపు పడింది. సంఘపోళ్ళు దాక్కోకుండా బండ్లబాటకు రెండు పక్కలా అడవి నరకాలని హుకుం. ఇంటికో మనిషి గొడ్డలి పట్టుకుని రావాలి. బాట ఊరికి తూర్పున ఉంది, పోశాలు చేను పడమర. అటు అడవి కూడా పోతే చిలకల పీడ వదులుతుందని యాకయ్య క్యాంపు సుబేదారు దగ్గరికి పోయి తమ్ముడి చేను చూపించాడు. ఆ కొమ్మలు సంఘపోళ్ళకు గుర్తులన్నాడు. నాలుగుంటే దారి బాగున్నట్టట, మూడుంటే రావద్దనట. అంత కథ అల్లాడు.

సిపాయిలు కొమ్మలన్నీ పీకి పారేశారు. పోశాలును మూడు రోజులు క్యాంపులో పెట్టి నడుము విరగ్గొట్టారు. వదిలాక నలుగురు మోసుకొస్తుంటే చూశాడు. చేను వెనక అడవి లేదు. కనుచూపు మేర మోడులే.

పుష్యమాసంలో పురుగు పడింది. ఒక్క పిట్ట రాలేదు. పోశాలు మంచంలోంచి లేవలేడు. కొమురమ్మ ఒక్కతే పాత చీర సాళ్ళ నడుమ పరిచి, మొక్కలు వంచి దులిపి, రాలిన పురుగును చాటకెత్తి మంటలో పోసేది. జ్వరమొచ్చినా ఆగలేదు.

"ఇయ్యాల్టికి పండరాదే" అన్నాడు పోశాలు.

"నేను పంటె పురుగు పంటదా?"

తొమ్మిదో రోజు చేలోనే పడిపోయింది. దులిపిన చీరలోనే వేసి ఇంటికి తెచ్చారు. కొంగు నిండా పచ్చ పురుగులు పాకుతున్నాయి. రెండు రోజులకు పోయింది. చేలో కుంచెడు కంది కూడా దక్కలేదు.

మరుసటి ఏడు యాకయ్య కూడా కందే వేశాడు. పురుగు కాయను మిగల్చలేదు. అప్పుడొచ్చి తమ్ముడి గడపలో నిలబడ్డాడు.

"తమ్మీ, కొమురమ్మ గా కొమ్మలు ఎట్ల నాటేది? జర చెప్పరాదు."

పోశాలు కూర్చున్న చోటు నుంచి కదల్లేదు.

"నాటు. నాలుగు నాటు, దారి బాగున్నదని."

యాకయ్య మొహం మాడిపోయింది. "గట్లయితదనుకోలేదురా."

"కొమ్మ నాటుతవు సరే, పిట్ట యాడికెళ్ళి రావాలె? నీ సుబేదారు తోలిస్తడా?"

"తప్పయింది తమ్మీ. ఇంట్ల పిల్లలు పస్తులుంటరు."

"నా ఇంట్ల పస్తులుండెటందుకు గూడ ఎవ్వల్లేరు."

యాకయ్య గుమ్మం పట్టుకుని ఏడ్చాడు. పోశాలు ఆ ఏడుపు అయిపోయేదాకా చూస్తూ కూర్చున్నాడు. తర్వాత కర్ర ఊతంతో లేచి తలుపు మీద చెయ్యి వేశాడు.

"దాని పేరు నీ నోట రావద్దు. గీ ముచ్చట నీతోనే గాదు, ఎవ్వలితోని ఇంక మాట్లాడ. సచ్చేదాక మాట్లాడ. పో."