తెలుగులో చెప్పని బెల్టు మాట

గోపమ్మను చంపింది మీరే. మబ్బు మీదికి నెట్టకండి. చల్లని గదుల్లో కూర్చుని, విమానంలో ఏ మాట ఏ భాషలో పలకాలో కాగితం రాసిచ్చిన పెద్దమనుషులారా, మీరే చంపారు. ఆ కాగితానికి జడిసి నోరు మూసుకున్న మెర్సీకీ ఆ పాపంలో పాలుంది. ఆమె అది దాచుకోదు.

మెర్సీది నల్గొండ. ఎయిర్‌హోస్టెస్‌గా చేరి రెండేళ్లయింది. ఆ రోజు గౌహతి నుంచి హైదరాబాదు వచ్చే విమానంలో వెనక భాగం ఆమెది. చివరి నాలుగు వరసల్లో పాలమూరు కూలీలు, ఇరవై మంది. సొరంగం పని ముగించుకుని ఇంటికి వస్తున్నారు. విమానం ఎక్కడం అందరికీ అదే మొదలు. వాళ్ల మేస్త్రీ పెద్దులు, అతని భార్య గోపమ్మ. బయలుదేరేటప్పుడు మెర్సీయే వంగి ఒక్కొక్కరికీ బెల్టు పెట్టింది, పెదవి కదపకుండా. ప్రయాణికులతో ఇంగ్లీషు, హిందీ తప్ప మాట్లాడకూడదని రూలు. ఒకసారి తెలుగు మాట్లాడినందుకు ఆమెకు మెమో ఇచ్చారు కూడా.

"మూగపిల్ల, పాపం," అంది గోపమ్మ.

"మూగ కాదు. నీతోటి మాట కలిపితె ఇడిసిపెట్టవని భయపడ్తున్నది," అన్నాడు పెద్దులు.

మెర్సీ నవ్వు ఆపుకుంది.

గంట గడిచాక కుదుపులు మొదలయ్యాయి. అప్పటికి కూలీలు బెల్టులు తీసేసి ఉన్నారు. మైకులో ఇంగ్లీషులో చెప్పారు, హిందీలో చెప్పారు. పనికాడి నాలుగు ముక్కల హిందీ వచ్చిన పెద్దులుకు కూడా ఆ పుస్తకాల హిందీ అంతుపట్టలేదు. సిబ్బంది కూర్చోవాలని పైలట్ ఆదేశం. మెర్సీ వెనక గోడకున్న మడత సీట్లో కూర్చుని పట్టీలు బిగించుకుంది.

"అందరు కిందికి దిగుండ్రి!" పెద్దులు కేకేశాడు. "కుర్సీల మీదుంటె బోర్లపడ్తరు. ఒకలనొకలు పట్టుకోండ్రి!"

ఇరవై మందీ నడవలో గొంతుక్కూర్చున్నారు. లారీల్లో దేశమంతా తిరిగినవాళ్లు వాళ్లు. కుదుపొస్తే నేలకు అతుక్కోవాలి, అంతే. పత్తి ఏరడానికి పోయే డీసీఎం వ్యానులో మెర్సీ తల్లి కూడా ఆమెను అట్లాగే కిందికి గుంజి కూర్చోబెట్టేది. ఇక్కడ కాళ్ల కింది నేలే జారిపోతుందని వాళ్లకెవరు చెప్పారు?

మెర్సీ పక్కనున్న ఫోనెత్తింది. ముందు భాగంలో ఉన్న సీనియర్‌తో, "మేడమ్, వీళ్లు కింద కూర్చున్నారు. తెలుగులో చెప్తాను," అంది.

"కాగితంలో ఉన్నదే చెప్పాలి. నేను మళ్లీ హిందీలో చెప్తున్నా, ఆగు."

మెర్సీ ఆగింది. అరిస్తే వినిపించేంత దూరంలోనే ఉన్నారు. అరవలేదు.

విమానం దబ్బున కిందికి పడింది. నడవలో ఉన్నవాళ్లంతా పైకప్పుకు కొట్టుకుని కింద పడ్డారు. గోపమ్మ మెడ కుర్చీ అంచుకు తగిలింది.

అప్పుడు అరిచింది మెర్సీ. "పైకెక్కుండ్రి! కుర్సీల కూసొని బెల్టు పెట్టుకోండ్రి!"

దెబ్బలతోనే, ఒకరినొకరు లాక్కుంటూ అందరూ ఎక్కారు. పెద్దులు విరిగిన భుజంతో, ఒంటిచేత్తో భార్యను ఒళ్లోకి లాక్కున్నాడు.

"నీకు మాటొస్తదా బిడ్డా?" అన్నాడు. "గీ మాట జర ముందుగాల చెప్తె ఎక్కకపోదుమా?"

రెండో కుదుపుకు ఎవరూ ఎగిరిపడలేదు. విమానం దిగేసరికి గోపమ్మ లేదు.

ఐదోనాడు కంపెనీ ఆఫీసరు దివాకర్ మెర్సీని కార్లో మహబూబ్‌నగర్ దవాఖానకు తీసుకెళ్లాడు. భుజానికి కట్టుతో మంచం మీదున్నాడు పెద్దులు. దివాకర్ కాగితం తీశాడు. హెచ్చరిక విని కూడా కూలీలు లెక్కచెయ్యలేదని అందులో ఉంది.

"నువ్వు తెలుగు పిల్లవి కదా, నచ్చజెప్పి వేలిముద్ర వేయించు. కింద నీ సంతకం. నీ ఉద్యోగానికి ఢోకా లేదు."

ఇప్పుడు కావలసివచ్చింది తెలుగు!

మెర్సీ అక్షరం వదలకుండా పెద్దులుకు తెలుగులో చదివి వినిపించింది.

"ఇనలేదంటనా? ఏం చెప్పిండ్రని ఇనాలె బిడ్డా?"

"ఏం చెప్పలె నాయినా. నేను గూడ చెప్పలె."

పెద్దులు తిట్టలేదు. ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. రెండు దెబ్బలు వేసినా బాగుండేది అనుకుంది మెర్సీ.

"తొందరగా కానివ్వు," అన్నాడు దివాకర్.

ఉద్యోగం పోతుందని ఆమెకు తెలుసు. పోయినంత మాత్రాన గోపమ్మ లేచి రాదనీ తెలుసు. కాగితం వెనక్కి తిప్పి రాసింది:

"గోపమ్మ తప్పు లేదు. నోరు మూసుకున్నది నేను, మూయించింది మీరు. రేపు ఇంకో విమానంలో ఇంకో ఇరవై మంది కూలీలు ఎక్కుతారు. బెల్టు మాట వాళ్ల భాషలో చెప్పమని ఇవాళే, ఈ గంటలోనే హుకుం ఇయ్యండి. ఇచ్చిందాకా మీ విమానం ఒక్కటి కూడా లేవడానికి వీల్లేదు."