రైలు పాట అడిగిన గొంతు

ఆ బ్యాండులో ఇప్పుడు వాయిస్తున్నవాళ్లకంటే మానేసినవాళ్లే ఎక్కువ. గిటారాయన ఒక్కడే మొదట్నుంచీ ఉన్నాడు. మిగతావాళ్లు అద్దె వాటాలో దిగినట్టు దిగడం, తగువు పడి సామాను సర్దుకోవడం. కొత్త పాటలు కట్టడం ఎప్పుడో మానేశారు. అయినా ఏడాదికో ఆల్బం వస్తూనే ఉంటుంది. ఎప్పుడో ఎక్కడో చేసిన కచేరీని అటక మీంచి దింపి, దుమ్ము దులిపి, అందమైన అట్టపెట్టెలో పెట్టి అమ్ముతారు. అలా పెట్టె వచ్చిన ప్రతిసారీ, ఆ ఆదివారం అభిమానుల సంఘం ఒకావిడ ఇంటి ముందుగదిలో సమావేశమవుతుంది. సంఘానికి అధ్యక్షుడు వాళ్లాయన మరి.

ఆవిడకు ఆ సంగీతం మీద కోపమూ లేదు, మోజూ లేదు. పెళ్లైన కొత్తలో తల దిమ్మెక్కేది. తర్వాత పక్కింటి బోరు మోటారులాగా చెవులకు అలవాటైపోయింది. కానీ టీలు అందిస్తూ వినగా వినగా, ఏ డ్రమ్మరు ఎవరితో పడక మానేశాడో, ఏ టేపు అసలుదో, దేనికి చప్పట్లు తర్వాత అతికించారో ఆవిడకూ తెలిసిపోయింది. ఎవరూ అడగరు కాబట్టి చెప్పదు.

సంఘంలో రెండు వర్గాలు. మొదటి గాయకుడు ఆరడుగుల పైమాటే, ఆయన్ని పొడుగాయన అంటారు. ఆయన మానేశాక వచ్చినవాడిది ఉంగరాల జుట్టు. ఇప్పుడు ఆ జుట్టు లేదు గానీ ఉంగరాలాయన అన్న పేరు మాత్రం ఉంది. వాళ్లాయన పొడుగాయన పక్షం. ఆవిడ సొంత తమ్ముడు, పళ్ల డాక్టరు, ఎదుటి పక్షానికి నాయకుడు. బావా బామ్మర్దులు ఒకరి స్కూటరు ఒకరు అడక్కుండా తీసుకుపోయేంత చనువుగా ఉంటారు. పాటల దగ్గరికొచ్చేసరికి ఉప్పూ నిప్పూ.

"పొడుగాయనది పాటా బావా? పన్ను పీకుతుంటే మా పేషెంట్లు ఇంతకంటే శ్రుతిలో అరుస్తారు" అంటాడు తమ్ముడు.

"నీ దగ్గర అరిచేది నొప్పికి కాదురా, బిల్లు చూసి" అంటాడు బావ.

వాళ్లాయన అధ్యక్షుడవడానికి ఒక కారణం ఉంది. పొడుగాయన ఉన్న రోజుల్లో ఆ బ్యాండు ఒకే ఒక్కసారి ఈ ఊరొచ్చింది. ఆ కచేరీలో, పాటకూ పాటకూ మధ్య జనంలోంచి ఒకడు రైలు పాట కావాలని అరిచాడు. పొడుగాయన వెనక్కి వెళ్లబోయేవాడల్లా ఆగి, మైకు దగ్గరికొచ్చి, వాడికి సమాధానం చెప్పాడు. ఆ అరిచింది వాళ్లాయన. అలాగని అందరికీ తెలుసు.

ఆవిడకు మాత్రం కథ పాత రూపం కూడా తెలుసు. పెళ్లైన కొత్తలో ఆయన చెప్పింది వేరు. "నా పక్కన ఎవడో కుర్రాడు, పెళ్లికొచ్చినట్టు ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. గొంతు చించుకుని అరిచాడనుకో! పొడుగాయన అంతటివాడు ఆగి జవాబిచ్చాడు తెలుసా?" పాప పుట్టేనాటికి ఆ కుర్రాడు పోయి 'మేమంతా అరిచాం' వచ్చింది. పాప బడికెళ్లేనాటికి 'నేను అరిచాను' అయింది. ఇస్త్రీ చొక్కా దారిలో ఎక్కడో జారిపోయింది.

ఆవిడ చెంచా చక్కెర అంటే అంచు దాకా గీసి కొలిచే మనిషి. ఎదుటివాళ్లు 'ఓ పదిమంది దాకా వచ్చారు' అంటే 'ఎనిమిది' అని సరిచేసే మనిషి. ఈ ఒక్క కథ దగ్గర మాత్రం నోరు మెదపలేదు. పాలు పొంగినట్టు పొంగింది, పొయ్యి దగ్గర తానూ ఉంది, మంట తగ్గించలేదు. ఆయన టైర్ల కంపెనీలో స్టోర్స్ మేనేజరుగా రిటైరయ్యాక ఆ హోదా గురించి ఎవరూ తలవలేదు. 'ఆ కచేరీలో అరిచినాయన' అన్నది మాత్రం మిగిలింది. ఆ మిగిలినదాన్ని చూసుకునే ఆయన రోజూ పొద్దున్నే గడ్డం గీసుకుంటున్నాడు.

ఈ ఆదివారం వచ్చిన పెట్టె ఆ కచేరీదే.

"లోగడ ఒకసారి వచ్చింది కదండీ ఇది?" అంది రేడియో అమ్మాయి. పాత పాటల మీద ఏదో కార్యక్రమం చేస్తుందట. అరిచిన మనిషిని ఇంటర్వ్యూ చేద్దామని చిన్న రికార్డరు పట్టుకుని వచ్చింది.

"వచ్చింది స్టేజి మైకుల టేపమ్మా" అన్నాడు కళ్లజోళ్లాయన. మెయిన్ రోడ్డు మీద కళ్లజోళ్ల షాపు ఆయనది. సంఘంలో టేపుల సంగతులకు ఆయనే కోర్టు. "అందులో పాడినవాళ్ల గొంతులే ఉంటాయి, జనం ఉండరు. పొడుగాయన జవాబు వినబడుతుంది. 'రైలు పాటా? ఇస్తాంలే గానీ, ముందు నీ గొంతు పైమెట్టు మీదుందో కిందిమెట్టు మీదుందో తేల్చుకో!' అంటాడు. ఎవరితో అంటున్నాడో, ఎందుకంటున్నాడో వినబడదు."

"ఎందుకన్నాడండీ అలా?"

"నాకా రోజు జలుబమ్మా" అన్నాడు వాళ్లాయన.

"హాలు చుట్టూ కట్టిన మైకులు వేరే టేపు మీద పట్టాయి. అది ఇన్నాళ్లూ దొరకలేదు, ఇప్పుడు దొరికింది. రెండూ కలిపి వదిలారు. ఇందులో జనం దగ్గు కూడా వినబడుతుంది" అన్నాడు కళ్లజోళ్లాయన, తనే దగ్గించినంత గర్వంగా.

"అయితే బావ జలుబు కూడా డిజిటల్ అయిపోయిందన్నమాట" అన్నాడు తమ్ముడు.

అందరూ నవ్వారు. వాళ్లాయన కూడా నవ్వాడు గానీ, నవ్వు పెదాల దగ్గరే ఆగిపోవడం ఆవిడ చూసింది. నిన్న రాత్రి భోజనం దగ్గర కూడా ఇలాగే ఉన్నాడు. పెట్టె విప్పుదామంటే, అందరూ వచ్చాకే విప్పుదాం అన్నాడు. పెట్టె వస్తే కత్తెర కోసం కూడా ఆగకుండా పళ్లతో చింపే మనిషి.

రేడియో అమ్మాయి రికార్డరు ఆన్ చేసింది. వాళ్లాయన కథ చెప్పాడు. నేను అరిచాను, పొడుగాయన ఆగాడు, జవాబిచ్చాడు. ఎప్పుడూ చేతులూపుతూ చెప్పేవాడు, ఇవాళ చేతులు ఒళ్లో పెట్టుకుని చెప్పాడు. వాంగ్మూలం ఇచ్చినట్టుంది.

రెండో డిస్కు పెట్టారు. పాట అయింది. చప్పట్లు నిజంగానే గదంతా నిండాయి. ఎవరో దగ్గారు, కళ్లజోళ్లాయన తలూపాడు. చప్పట్లు సన్నగిల్లుతుండగా ఒక అరుపు వచ్చింది.

"రైలు పాటా!"

'రైలు' అన్నది మగగొంతుతో మొదలైంది. 'పాటా' అనేసరికి రెండుగా చీలి, పైకి లేచి, పిల్లికూనలా ముగిసింది. జనం గొల్లున నవ్వారు. పొడుగాయన జవాబిచ్చాడు. జనం మళ్లీ నవ్వారు.

ఆవిడ చేతిలో ట్రే కదలకుండా ఉండిపోయింది. ఆ గొంతు తెలుసు. కాలేజీ నుంచి వచ్చి, గేటు దగ్గర్నుంచే "అక్కా!" అని కేకేసే గొంతు. 'అ' ఒక మనిషిదీ, 'క్కా' ఇంకో మనిషిదీ అయినట్టుండేది. వీధిలో అందరికీ వయసు రాగానే గొంతు కుదురుకుంటే వాడికి మాత్రం పద్దెనిమిది దాటినా కుదరలేదు. ఆ చొక్కా కూడా గుర్తొచ్చింది. స్నేహితుడి అక్క పెళ్లి ఉందంటే తనే ఇస్త్రీ చేసి ఇచ్చింది.

తమ్ముడివైపు చూసింది. వాడు టీ గ్లాసులోకి చూస్తున్నాడు, అందులో ఎక్స్‌రే ఏదో కనబడుతున్నట్టు.

"ఇది జలుబులా లేదే" అన్నాడు కళ్లజోళ్లాయన నెమ్మదిగా. "కుర్రాడి గొంతులా ఉంది. అప్పటికి మీకు పాతికేళ్లుండవూ?"

వాళ్లాయన స్పీకరువైపే చూస్తున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"అమ్మా, మీరు చెప్పండి" అంది రేడియో అమ్మాయి రికార్డరు ఆవిడవైపు తిప్పి. "సార్ గొంతు మీకంటే బాగా ఎవరికి తెలుస్తుంది? ఇది సార్‌దేనా?"

గదంతా ఆవిడవైపు తిరిగింది. వాళ్లాయన ఒక్కడే తిరగలేదు.

"ఇంకోసారి పెట్టండి" అంది ఆవిడ.

ఇంకోసారి పెట్టారు. గొంతు మళ్లీ అక్కడే చీలింది. ఈసారి రేడియో అమ్మాయికి కూడా నవ్వాగలేదు. ఆవిడ ట్రే బల్ల మీద పెట్టి, చేతులు చీరకొంగుకు తుడుచుకుంది. తడి ఏమీ లేదు. నోరు తెరవబోయింది.

"బావ గొంతే" అన్నాడు తమ్ముడు.

ముప్పై ఏళ్లకు పైగా బావ చెప్పిన ప్రతి మాటకూ అడ్డం తిరిగినవాడు అలా అనేసరికి, అతని వర్గంవాళ్లే తెల్లమొహాలు వేశారు.

"మీకెలా తెలుసు డాక్టరుగారూ? కచేరీ నాటికి మీ అక్కయ్యగారి పెళ్లే కాలేదు కదా?" అన్నాడు కళ్లజోళ్లాయన.

"పెళ్లిలో విన్నాను. కాఫీ ఇంకా రాలేదేమని అరిచాడు. అచ్చం ఇలాగే."

"కాఫీకి ఇంత పైస్థాయిలోనా?"

"ఆలస్యమైంది మరి. ఏమండీ, నేను చెబుతున్నానుగా! ఆయన్ని సమర్థించడం వల్ల నాకేమన్నా ఒరుగుతుందా?"

ఆ మాట నిజమే. అందరూ ఒప్పుకునేట్టే ఉన్నారు. రేడియో అమ్మాయి ఊపిరి పీల్చుకుని రికార్డరు దగ్గరికి జరిపింది. వాళ్లాయన అప్పుడు తల తిప్పి బామ్మర్దిని చూశాడు. చాలాసేపు చూశాడు. వద్దనుకున్న సాయం చేతిలో పెట్టినవాణ్ని చూసినట్టు చూశాడు.

"కాదమ్మా" అన్నాడు. "నేను కాదు."

"బావా, ఊరుకో."

"నువ్వు ఊరుకో. అరిచింది నేను కాదమ్మా. నా పక్కన ఎవడో కుర్రాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. నేను చూస్తూ నిలబడ్డాను, అంతే. మొదట్లో అలాగే చెప్పేవాణ్ని. చెప్పగా చెప్పగా వాడు తప్పుకున్నాడు, నేను వచ్చాను. జలుబు కూడా లేదు."

పై వాటాలో ఎవరో కుర్చీ ఈడ్చారు.

"ఆ కుర్రాణ్ని తలుచుకుంటే ఇప్పటికీ పాపం అనిపిస్తుంది" అన్నాడు వాళ్లాయన, ఇక దాచేదేం లేదు కాబట్టి కాస్త తేరుకుని. "పొడుగాయన అలా అనగానే అందరూ నవ్వారా? వాడు చేతుల్లో మొహం దాచుకుని ఏడ్చాడు. వెక్కి వెక్కి ఏడ్చాడు."

"ఏడవలేదు" అన్నాడు తమ్ముడు.

"ఏడ్చాడురా, నేను పక్కనే ఉన్నాను."

"చెమట కంట్లో పడింది. అక్కడ ఎంత ఉక్కగా ఉందో నీకేం తెలుసు? వెక్కి వెక్కీ లేదు, ఏమీ లేదు."

"ఉక్కేమిట్రా, నేనే కదా చేతిరుమాలు..."

వాళ్లాయన ఆగిపోయాడు. తమ్ముడూ ఆగిపోయాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు ఇప్పుడే పరిచయమైనట్టు చూసుకున్నారు.

"ఆ రుమాలు నీదా?" అన్నాడు తమ్ముడు. "పుదీనా బిళ్లల వాసన కొట్టింది."

"జేబులో బిళ్లలుండేవి."

కళ్లజోళ్లాయన తన కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు. "అంటే డాక్టరుగారూ, మీరు పొడుగాయన కచేరీకి వెళ్లారు."

"వెళ్లాను."

"డబ్బులిచ్చి టిక్కెట్టు కొని మరీ. పొడుగాయన గొంతు మీకు గిట్టదని, ఒక్క కచేరీ కూడా చూడలేదని ఇన్నాళ్లూ మాకు..."

"గిట్టేది! ప్రాణం పెట్టేవాణ్ని. అంతమంది ముందు నా గొంతు మీద జోకేశాడండీ! మర్నాటి నుంచీ కాలేజీలో 'పైమెట్టు కిందిమెట్టు' అని పిలిచారు. అలాంటివాణ్ని గాయకుడంటారా?"

"మరి శ్రుతి తప్పుతాడన్నారు? ఊపిరి చాలదన్నారు? దాని మీద మన సంఘం పత్రికలో రెండు భాగాలుగా వ్యాసం కూడా రాశారు."

"అదీ ఉంది" అన్నాడు తమ్ముడు.

ఇక గదిలో ఎవరి మాట ఎవరికీ వినబడలేదు. పొడుగాయన వర్గం డాక్టరు తమవాడే అంది. ఉంగరాలాయన వర్గం, గాయపడ్డవాడే నిజమైన విమర్శకుడు అంది. ఏడ్చాడా లేదా అన్నదాని మీద రెండు వర్గాలూ విడిపోయి కొత్తగా మళ్లీ రెండయ్యాయి. వెక్కిళ్లు హాలు మైకుల్లో పడి ఉండాలి కదా అని కళ్లజోళ్లాయన స్పీకరుకు చెవి ఆనించాడు. రేడియో అమ్మాయి ఎవరి దగ్గర రికార్డరు పెట్టాలో తెలీక బల్ల మధ్యలో పెట్టేసింది.

ఆవిడ ఖాళీ గ్లాసులు వంటింట్లోకి తీసుకొచ్చింది. మిగిలినవి ఇంకో ట్రేలో పెట్టుకుని వాళ్లాయన వెనకే వచ్చాడు. ఎప్పుడూ చేసే పని కాదు. ట్రే ఎక్కడ పెట్టాలో తెలీక పట్టుకునే నిలబడ్డాడు.

"నీకు తెలుసా?"

"మీరు కాదని మొదట్నుంచీ తెలుసు. వాడని ఇవాళే తెలిసింది."

"ఒక్కసారైనా అనలేదేం?"

"మీరు ఒక్కసారైనా అడగలేదు."

ఆయన కాసేపు పంపు కింద పడుతున్న నీళ్లను చూశాడు. "ఆ అమ్మాయి అడిగినప్పుడు నోరు తెరిచావు. నేను తల తిప్పలేదు గానీ తెలుస్తుందిగా. ఏం చెప్పబోయావు?"

ఆవిడ గ్లాసు కడిగి, వెలుతురుకు పట్టి చూసి, బోర్లించింది. అబద్ధం చెప్పడం ఇష్టం లేదు.

"మీ గొంతేనని చెప్పబోయాను" అంది.

ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయో, వంటింటి సెగో, ఆవిడ పరీక్షగా చూడలేదు.

"అధ్యక్షులవారూ!" అని ముందుగదిలోంచి కళ్లజోళ్లాయన కేక. "ఎక్కడికెళ్లిపోయారండీ? ఆ కుర్రాడు మీకు ఎడమవైపా, కుడివైపా? ఇక్కడ డాక్టరుగారు ఒప్పుకోవడం లేదు!"

ఆయన గుమ్మం దాకా వెళ్లి ఆగాడు. వెనక్కి తిరిగి ఆవిడవైపు చూశాడు, వెళ్లొచ్చా అన్నట్టు.

"అధ్యక్షుడనే పిలుస్తున్నారుగా" అంది ఆవిడ. "వెళ్లి చెప్పండి. సరిగ్గా గుర్తు తెచ్చుకుని చెప్పండి."

ఆయన వెళ్లాడు. ఖాళీ గ్లాసుల ట్రే కూడా పట్టుకునే వెళ్లాడు.