వెనక సీటు సప్పుడు

కారు కిర్రుమనడం మొదలుపెట్టి రెండు నెలలు దాటింది. ప్రాణం తోడేసే సప్పుడు. కిర్ర్... కాస్త ఆగి మళ్లీ కిర్ర్. గుంత వచ్చినా అదే, స్పీడ్ బ్రేకర్ వచ్చినా అదే. దేవన్న ఒక్కడే నడుపుకుంటూ పోతే మాత్రం కిక్కురుమనదు. వెనక సీట్లో భార్య మంగవ్వ పడుకుంటేనే దానికి నోరు లేస్తుంది.

మంగవ్వకు కడుపులో గడ్డ. రెండు వారాలకోసారి పట్నంలోని పెద్ద దవాఖానకు తీసుకుపోయి మందు ఎక్కించుకుని రావాలి. ఇంట్లో ఆమెకు కంటిమీద కునుకుండదు. ఒకటే వాంతులు, ఒళ్లంతా మంట. తిరుగుదారిలో కారులో పట్టే కాస్త నిద్రే నిద్ర. ఆ నిద్రను కూడా ఈ దరిద్రపు సప్పుడు మింగేస్తోంది. కామారెడ్డి దగ్గర కన్ను మూతపడితే జక్రాన్‌పల్లి రాకముందే ఉలిక్కిపడి లేస్తుంది. లేచి ఒక్క మాటా అనదు. దేవన్నకు అదే కష్టంగా ఉంది, తిట్టినా బాగుండేది.

అసలే పసుపు కాలం. తవ్వకం, ఉడకబెట్టడం, ఆరబోయడం అన్నీ కూలోళ్ల మీద వదిలేసి దేవన్న మెకానిక్ షెడ్ల చుట్టూ తిరిగాడు. ఒకడు బ్రేకులు విప్పాడు, ఇంకొకడు షాకబ్జర్లు మార్చాడు, మరొకడు తలుపు రబ్బర్లకు నూనె పూసి పంపాడు. అందరూ ఖాళీ కారును ఓసారి తిప్పి తెచ్చి ఒకటే మాట. "సప్పుడేది కాకా? నీ చెవులల్లనే ఉన్నట్టుంది!" వాళ్ల మొహాలు మండ.

చివరికి మామిడిపల్లి చౌరస్తా పక్కన డేవిడ్ షెడ్డుకొచ్చి కూలబడ్డాడు. డేవిడ్ అంతా విని కారు కిందికి దూరలేదు, పానా పట్టలేదు.

"చిన్నమ్మ పండుకుంటెనే వస్తుందంటివి. ఆమెను తోల్కరారాదు కాకా, జర చూద్దాం."

"ఆమె మంచం దిగే తీర్ల లేదురా. నేన్ తేను."

"మరి ఆమె ఎంత బరువుంటది?"

బరువు సంగతి దేవన్నను అడగాలా! బస్తా మెడ పట్టి ఇంత లేపాడంటే చాలు, కాంటా చెప్పబోయేది ముందే చెప్పేస్తాడు. పసుపు కొనే అడ్తి దుకాణాల్లో దీని మీద పందేలు కూడా కాసేవారు.

"ఎంతుంటది? నిండు బస్తంత. లగ్గమైనకాంచి గంతే" అన్నాడు.

డిక్కీలో అమ్మకానికి తెచ్చిన ఎండు పసుపు బస్తా ఉంది. ఇద్దరూ కలిసి దాన్ని వెనక సీట్లో పడుకోబెట్టారు. దేవన్న స్టీరింగ్ పట్టాడు, డేవిడ్ పక్కన కూర్చుని చెవులు రిక్కించాడు. పెర్కిట్ దాకా పోయి వచ్చారు. ఎన్ని గుంతల్లో దించినా కారు నోరు మెదపలేదు.

"ఇది నాతోని పరాష్కమాడుతుందిరా" అన్నాడు దేవన్న నీరసంగా.

"ఆగు కాకా. జరంత తీసి చూద్దాం."

డేవిడ్ బస్తా మూతి విప్పి కొంత పసుపు ఖాళీ సంచిలోకి ఒంపాడు. మళ్లీ తిరిగారు. సప్పుడు లేదు. ఇంకొంత ఒంపాడు. లేదు. దేవన్నకు ఆవులింతలొచ్చాయి. బస్తా బాగా వదులై, మెడ వేలాడేసిన తర్వాత మళ్లీ బయల్దేరారు. మొదటి స్పీడ్ బ్రేకర్ మీదే... కిర్ర్.

"దొరికింది!" అని డేవిడ్ తొడ చరిచాడు. "సీటు కింద క్లిప్పు లూజున్నది కాకా. బరువు మంచిగుంటె సీటు అదుముకొని ఉంటది, కదలది. ఉత్తగుంటే కూడ కదలది. గింత తేలికగ ఉంటెనే ఊగుతది, రాసుకుంటది. గందుకే ఎవ్వరికీ..."

దేవన్న కారు పక్కకు తీసి ఆపాడు. దిగి, వెనక తలుపు తెరిచి, బస్తా మెడ పట్టి లేపాడు. ఒంటిచేత్తోనే లేచింది.

మందు ఎక్కించే ముందు బరువు చూసే ఆడవాళ్ల గదిలోకి మగవాళ్లను రానివ్వరు. "ఎంతున్నవంటున్నరు?" అని అతను బయట అడిగేవాడు. "గంతే ఉన్ననట" అనేది మంగవ్వ, చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ. "తిన్నవా?" అంటే "తిన్న." ప్రతిసారీ అదే మాట. ఊళ్లో ఎవరి బస్తా అయినా తూకం చెప్పే మొనగాడు, తన ఇంట్లో మనిషి సగమైపోతే కనుక్కోలేకపోయాడు. దేవన్నకు తన మీద తనకే అసహ్యమేసింది. బస్తా మీద చెయ్యి వేసి, రోడ్డు మీదే నిలబడి ఏడ్చాడు.

డేవిడ్ చాలాసేపు అటు చూడలేదు. షెడ్డుకొచ్చాక పాత ట్యూబు నుంచి రబ్బరు ముక్క కోసి తెచ్చాడు.

"పెట్టనా కాకా?"

పెడితే ఇక సప్పుడు రాదు. ఆమె బరువు సంగతి అతనికి నిజంగా చెప్పింది ఆ సప్పుడొక్కటే. దేవన్న ఆ ముక్కను చేతిలోకి తీసుకుని మళ్లీ డేవిడ్‌కే ఇచ్చాడు.

"పెట్టు. ఆమె పండుకోవాలె" అన్నాడు.

తర్వాతి సారి పట్నం నుంచి వస్తుంటే మంగవ్వ కామారెడ్డి దాటకముందే నిద్రపోయింది. జక్రాన్‌పల్లి వచ్చింది, లేవలేదు. కారు నిశ్శబ్దంగా పోతోంది. దేవన్న అద్దంలో మాటిమాటికీ ఆమె ఛాతీ కదులుతోందా లేదా అని చూసుకున్నాడు.

ఇంటి ముందు కారు ఆపి తలుపు తెరిచాడు. లేపబుద్ధి కాలేదు. వంగి రెండు చేతుల మీదికి ఎత్తుకున్నాడు. చేతులు వాటంతటవే తూకం చెప్పబోయాయి. వద్దనుకున్నాడు.

గడప దగ్గర మంగవ్వ కళ్లు సగం తెరిచింది.

"దించు. బరువున్న."

"ఉన్నవే మంగా" అన్నాడు దేవన్న. "మస్తు బరువున్నవ్. పండుకో."