మీటరు ముల్లు

కైలాసం పోయాక అతని కారును పత్తి కొట్టంలో నిలిపారు. నెల మాసికం దాటేదాకా ఎవరూ తాళం తిప్పలేదు. తిప్పిన రోజు ఇంజను స్టార్టయింది గాని, ఎంత నడిపినా స్పీడు మీటరు ముల్లు సున్నా మీద నుంచి కదలలేదు.

"మీటర్ సచ్చింది వదినె. లోపట కంప్యూటర్ గూడ పోయి ఉంటది. అమ్ముకునుడే మంచిది," అన్నాడు మరిది భానుప్రసాద్. మరునాడే కరీంనగర్ నుంచి పాత బండ్లు కొనే ముత్తయ్యను వెంటబెట్టుకొచ్చాడు.

కైలాసం భార్య జమునకు అమ్మాలని లేదు. ఆ ఊరికి బస్సు లేదు. అక్కడి ఆడపిల్లలను జమ్మికుంట కాలేజీకి చేర్చే కారు అదొక్కటే. కైలాసం దగ్గరుండి ఇప్పించిన లైసెన్సుతో, ఆ పని తానే అందుకుందామని ఆమె కాచుకుని ఉంది.

ముత్తయ్య బానెటు తట్టి చూశాడు. "తుక్కు కింద తీస్కపోత చెల్లె. జర జల్ది చెప్పు."

"జరంత ఆగు అన్నా," అంటూ జమున కారెక్కింది. సీటు ఇంకా కైలాసం కాళ్ల పొడవుకే వెనక్కి ఉంది. ఆమె దాన్ని కదపకుండా అంచున కూర్చుంది.

ప్రతి దసరాకు బండి పూజ ముందర కైలాసం ఒక తమాషా చేసేవాడు. మీటరు మీది చిన్న గుండీని ఒత్తి పట్టుకుని తాళం తిప్పితే, బండి తనను తానే పరీక్షించుకునేది. "సూడు జమునా, దండం పెడుతది. ముల్లు లేచిందంటే మీటర్ మంచిగున్నట్టే," అనేవాడు. ఆమె నవ్వి ఊరుకునేది.

ఇప్పుడు తానే గుండీ ఒత్తి, తాళం తిప్పింది.

దీపాలన్నీ ఒక్కసారిగా వెలిగాయి. ముల్లు సున్నా నుంచి లేచి, చివరి అంకె దాకా పోయి, మెల్లగా దిగింది.

"అరె, నిలబడ్డ బండికి గంత స్పీడా?" భానుప్రసాద్ కిటికీలోకి తల పెట్టాడు.

"మీటర్ సావలే భానూ. దానికి చక్రం తిరిగే కబురే అందుతలేదు. కిందికెల్లి వచ్చే వైరు సూడు."

అతను గొణుక్కుంటూ బండి కింద దూరాడు. కాసేపటికి దుమ్ము కొట్టుకుపోయిన చేయి బయటికొచ్చింది. వేళ్ల మధ్య దూదిపింజలు, కొరికిన వైరు ముక్క.

"ఎలుకలు గూడు వెట్టినయ్ వదినె!"

ముత్తయ్య పకపకా నవ్వాడు. "ఎలుక కొరికితే కంప్యూటర్ పోయిందంటివి గద తమ్మీ! ఇగ నాకేం పని? పోతున్న."

వైరు అతికించాక జమున సీటు కింది మీట పట్టుకుంది. సీటును ముందుకు జరుపుకుంది. కాళ్లు అందాయి.

మరునాడు పొద్దున కారు నిండా ఆడపిల్లలు. కాలువ గట్టు దాటగానే ముల్లు నలభైకి లేచింది.

"జర జోరుగ పోనియ్ జమునక్కా!" వెనుక సీటంతా ఒకటే కేక.

జమున హారను మోగించి, యాక్సిలరేటరును ఇంకాస్త నొక్కింది.